సేంద్రియమా, లోకలా? రెండు వేర్వేరు ప్రశ్నలు

మనకు ఫస్టియర్‌లోనే చెప్పే మాట ఒకటుంది. ప్రాబ్లం స్టేట్‌మెంట్ సరిగ్గా రాసుకోకపోతే, కోడ్ ఎంత బాగా రాసినా జవాబు తప్పే వస్తుంది. తిండి విషయంలో కూడా అంతే. "ఆర్గానిక్, లోకల్ తిండి కొనడం మంచిదేనా?" అని ఎవరైనా అడిగితే అందులో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. తినే నాకు మంచిదా? పండించే మనిషికి మంచిదా? నేలకు, నీళ్లకు మంచిదా? ఈ మూడింటికీ ఒకే జవాబు రాదు. ఒక్కో వస్తువుకు ఒక్కోలా వస్తుంది. రూమ్‌లో వండుకునేవాళ్లకైనా, ఇంటికి సామాను తెచ్చేవాళ్లకైనా పనికొచ్చేలా వాటిని విడదీసి చూద్దాం. ఉదాహరణలు ఎక్కువగా మన పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలవే.

1. ముందు మాటల అర్థం

సేంద్రియం అంటే పండించే పద్ధతి. రసాయన ఎరువులు, రసాయన పురుగుమందులు, జన్యుమార్పిడి విత్తనాలు లేకుండా, పెంట ఎరువు, పచ్చిరొట్ట, పంట మార్పిడి, వేప కషాయం లాంటివాటితో పండించడం. లోకల్ అంటే పండిన చోటు. మొదటిది 'ఎట్లా', రెండోది 'ఎక్కడ'. ఇవి రెండు వేరే వేరియబుల్స్. ఒకదాని విలువ తెలిసినంత మాత్రాన రెండోదాని విలువ తెలియదు.

లోయర్ మానేరు కింద, కాకతీయ కాలువ పొడుగునా పండే వరిని చూడండి. కరీంనగర్ వాళ్లకు అంతకంటే లోకల్ ఏముంటుంది? కానీ యూరియా, కలుపుమందు, మొగి పురుగు మందు పడని మడి కావాలంటే వెతుక్కోవాల్సిందే. అదే దుకాణంలో ప్యాకెట్‌లో దొరికే సేంద్రియ పప్పు వేరే రాష్ట్రంలో పండి ఉండొచ్చు. అది సేంద్రియమే, లోకల్ మాత్రం కాదు.

లోకల్ అన్న మాటకు కూడా సీజన్ ఉంటుంది. ఎండాకాలంలో మనకొచ్చే టమాటలో చాలా భాగం మదనపల్లె దిక్కు నుంచి, కర్ణాటక నుంచి వస్తుంది. ఆలుగడ్డ ఆగ్రా దిక్కు నుంచి, ఉల్లిగడ్డ మహారాష్ట్ర నుంచి వస్తాయి. రైతుబజార్లు 1999లో మొదలైంది రైతే నేరుగా అమ్ముకోవాలని. అయినా కశ్మీర్‌గడ్డ రైతుబజార్‌లో ఆలుగడ్డ కొన్నాం కాబట్టి అది కరీంనగర్ ఆలుగడ్డ అయిపోదు. ఆకుకూరలు, బీరకాయ, సొరకాయ, వంకాయ లాంటివైతే చుట్టుపక్కల ఊళ్లవి దొరికే అవకాశం ఎక్కువ.

2. తినేవాళ్లకు ఎంత తేడా?

ఇక్కడ రెండు పెద్ద అధ్యయనాలున్నాయి. 2012లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు రెండు వందలకు పైగా పాత అధ్యయనాలను కలిపి చూశారు. సేంద్రియ తిండిలో పోషకాలు గట్టిగా చెప్పగలిగినంత ఎక్కువ ఉన్నాయనడానికి బలమైన ఆధారం దొరకలేదు, పురుగుమందుల అవశేషాలు మాత్రం తక్కువ అని తేల్చారు. 2014లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ యూనివర్సిటీ బృందం 343 పరిశోధన పత్రాలను పరిశీలించింది. సేంద్రియ పంటల్లో కొన్ని యాంటీఆక్సిడెంట్లు ఎక్కువ, కాడ్మియం తక్కువ అని చెప్పింది. మామూలు పంటల్లో మందు అవశేషాలు నాలుగు రెట్లు ఎక్కువసార్లు కనబడ్డాయని కూడా చెప్పింది. పోషకాల దగ్గర ఇద్దరికీ తేడా ఉంది. అవశేషాల దగ్గర ఇద్దరిదీ ఒకటే మాట.

మన దేశం లెక్క చూద్దాం. 2014-15లో కేంద్ర వ్యవసాయ శాఖ దేశమంతటా 20,618 నమూనాలు పరీక్ష చేయించింది. 18.7 శాతంలో అవశేషాలు దొరికాయి. అనుమతించిన పరిమితి దాటినవి 2.6 శాతం. దీన్ని చూసి "అంతా విషమే" అనడం తప్పు, "ఏమీ లేదు" అనడం కూడా తప్పు. నూటికి ఎనభై నమూనాల్లో ఏమీ దొరకలేదు. కానీ 12.5 శాతంలో ఆ పంట మీద వాడటానికి అసలు అనుమతి లేని మందులు దొరికాయి. అంటే ఎంత కొట్టారు అన్నది ఒక సమస్య అయితే, ఏది కొట్టారు అన్నది ఇంకో సమస్య.

ఇప్పుడు అసలు కిటుకు. ప్రతి మందుకూ ఒక వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అంటే కొట్టిన తర్వాత కోయడానికి ఆగాల్సిన రోజులు. బెండకాయ సంగతి ఆలోచించండి. రోజు విడిచి రోజు తెంపకపోతే ముదిరిపోతుంది, ఎవరూ కొనరు. పురుగు పడితే మందు కొట్టాలి, కొట్టిన రెండో రోజే తెంపాలి. లేబుల్ మీద ఎన్ని రోజులు ఆగమని రాసినా ఆ మొక్క ఆగదు. పచ్చిమిర్చి, వంకాయ, ఆకుకూరలు కూడా తెంపుతూ ఉండే పంటలే. తప్పు రైతు గుణంలో వెతకనక్కర్లేదు, ఆ పంట టైంటేబుల్‌లోనే ఇరుకు ఉంది.

వరి అట్లా కాదు. చివరి మందుకూ కోతకూ మధ్య సాధారణంగా వారాల తేడా ఉంటుంది. గింజకు ఊక ఉంటుంది, మిల్లులో తవుడు కూడా పోతుంది. కాబట్టి తెల్ల బియ్యంలో మిగిలేది తక్కువ. దంపుడు బియ్యం తినేవాళ్లకు తవుడు ఉంటుంది కాబట్టి వాళ్లకు పండించిన పద్ధతి కొంచెం ఎక్కువ ముఖ్యం. కంది గింజ కూడా కాయ లోపల ఉంటుంది, పప్పు చేసేటప్పుడు పొట్టు పోతుంది, వండేముందు కడుగుతాం.

కడిగితే పోతుందా అంటే, పైన అంటుకున్న మందు, దుమ్ము చాలావరకు పోతాయి. మొక్క లోపలికి ఇంకే రకం మందులు పోవు. ఇంకో సంగతి, సేంద్రియ ఆకుకూరను కూడా బాగా కడగాలి. పెంట ఎరువులో, మురికి నీళ్లలో ఉండే సూక్ష్మక్రిములకు ఆర్గానిక్ బోర్డు కనబడదు.

3. పండించేవాళ్లకు ఎంత తేడా?

మనం ఎక్కువగా మాట్లాడని ప్రశ్న ఇది. నా లెక్కలో అన్నిటికంటే పెద్దది కూడా ఇదే.

తిండిలో మందును కిలోకు మిల్లీగ్రాముల్లో కొలుస్తారు. ఏ పరిమితీ ప్రత్యేకంగా పెట్టని మందుకు మన ఆహార భద్రతా సంస్థ పెట్టిన హద్దు కిలోకు 0.01 మిల్లీగ్రాము. చేనులో మందు కలిపే మనిషి ముందు ఉండేది సీసాలోని చిక్కటి మందు. వీపు మీద పంపు, ఎదురుగాలి, తడిసిన అంగీ, వంపిన చేతుల మీద చుక్కలు. నా కంచంలోకి వచ్చేది, ఆయన చర్మం మీద పడేది ఒకే స్కేల్ మీద పోల్చడానికే కుదరదు.

2017 వానాకాలంలో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. యవత్మాల్ అంటే మనకు ఎక్కడిదో దూరపు ఊరు కాదు. పెన్‌గంగ దాటితే అదే. ఇవతలి ఒడ్డు ఆదిలాబాద్. రెండు వైపులా అదే నల్లరేగడి, అదే పత్తి.

మా చిన్నబాపు బేల దిక్కు కౌలుకు చేను పట్టి పత్తి వేస్తడు. పత్తి గురించి తిండి వ్యాసంలో ఎందుకంటారా? ఆదిలాబాద్‌లో చాలామంది కొన్ని సాళ్ల పత్తికి ఒక సాలు కంది వేస్తారు. అంటే మన పప్పుచారులో కంది పత్తి చేనులోనే పెరిగి ఉండొచ్చు. పత్తి మీద కొట్టిన మందు పక్క సాలు చూసి ఆగదు, కందికి కాయతొలిచే పురుగు వస్తే దానికి వేరే మందు. నేను తినే పప్పులో అవశేషం చాలా తక్కువే ఉండొచ్చు. అయినా ఆ పప్పు వెనుక ఒక మనిషి సీజన్‌లో ఎన్నోసార్లు పంపు మోసి ఉంటాడు.

"మరి మానెయ్యరాదు చిన్నబాపు?" అని దసరాకు పోయినప్పుడు అడిగిన. ఆయన చెప్పిన జవాబు ఏ పేపర్లోనూ దొరకలేదు నాకు. "మానేస్తే మొదటి రెండేండ్లు పంట తగ్గుతది. ధర మాత్రం అందరిదే నాది. పైగా కౌలు చేను బిడ్డా, మూడో ఏడు ఈ చేను నా చేతుల ఉంటదని ఎవలు చెప్తరు?"

4. ధర ఎందుకు ఎక్కువ?

చిన్నబాపు మాటలోనే సగం జవాబు ఉంది. మన దేశ నియమాల ప్రకారం ఏటా వేసే పంటలకు కనీసం రెండేళ్లు రసాయనాలు మానిన తర్వాతే సేంద్రియం అన్న పేరు వస్తుంది. పండ్ల తోటలకైతే మూడేళ్లు. ఆ మధ్యకాలంలో ఖర్చు సేంద్రియానిది, అమ్మకం మామూలు ధరకు.

దిగుబడి కూడా తగ్గుతుంది. 2012లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం పంటను బట్టి, పద్ధతిని బట్టి తేడా 5 శాతం నుంచి 34 శాతం దాకా ఉంది. వానకు పండే పప్పుధాన్యాల్లో తేడా తక్కువ. కాబట్టి "అందరూ రేపటి నుంచే మానెయ్యాలి" అనడం కుదరదు. శ్రీలంక ప్రభుత్వం 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించింది. వరి, తేయాకు దెబ్బతిన్నాయి. కొన్ని నెలలకే నిర్ణయం వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

మెల్లగా, కలిసి చేస్తే వేరేగా ఉంటుంది. ఇప్పటి జనగామ జిల్లా లింగాలఘనపురం మండలంలోని ఏనబావి 2000ల మధ్యలో ఊరు ఊరంతా పురుగుమందులు, తర్వాత రసాయన ఎరువులు మానేసి పేరు తెచ్చుకుంది. ఊరంతా అన్నదే అక్కడ ముఖ్యం. ఒక్క రైతే మానేస్తే పక్క చేను మందు గాలికి వస్తుంది. ఆదిలాబాద్ ప్రాంతంలో కూడా చేత్నా ఆర్గానిక్ అనే సంస్థ 2004 నుంచి చిన్న రైతులను సంఘాలుగా కలిపి సేంద్రియ పత్తి పండిస్తోంది.

5. నిజంగా సేంద్రియమే అని ఎట్లా నమ్మాలి?

ఈ భాగం మన సీఎస్‌ఈ వాళ్లకు సులువు. చూసి, రుచి చూసి సేంద్రియాన్ని గుర్తుపట్టలేం. కాబట్టి ఎక్కువ ధర పెట్టి కొనేది వస్తువుతో పాటు నమ్మకాన్ని కూడా. నమ్మకానికి మన దేశంలో మూడు దారులున్నాయి.

మొదటిది ఎన్‌పీఓపీ. బయటి సంస్థ వచ్చి తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇస్తుంది. వెబ్‌సైట్‌కు సర్టిఫికెట్ అథారిటీ ఇచ్చినట్టే. ఖర్చు ఎక్కువ, ఎగుమతులకు ఇదే కావాలి.

రెండోది పీజీఎస్. కనీసం ఐదుగురు రైతులు ఒక గుంపుగా ఏర్పడి ఒకరి చేను ఒకరు తనిఖీ చేసుకుంటారు. పీజీపీలో వెబ్ ఆఫ్ ట్రస్ట్ లాంటిది. ఖర్చు తక్కువ. ఇందులో పీజీఎస్ గ్రీన్ అంటే ఇంకా మారుతున్న దశ, పీజీఎస్ ఆర్గానిక్ అంటే పూర్తిగా మారిన దశ. ఈ గ్రీన్ అన్న మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మూడోది ముఖపరిచయం. రైతు మనకు నేరుగా తెలుసు, చేను చూశాం. చిన్న రైతు తన పంటను నేరుగా తినేవాళ్లకే అమ్ముకుంటే సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఇచ్చింది 2017 నాటి సేంద్రియ ఆహార నిబంధన కూడా.

ప్యాకెట్ కొంటే దాని మీద సేంద్రియ సర్టిఫికెట్ లోగో ఉందో లేదో చూడండి. 'దేశీ', 'నాటు', 'ఫామ్ ఫ్రెష్' అని రాసి ఉన్నంత మాత్రాన అది సేంద్రియమని అర్థం కాదు.

సర్టిఫికెట్ ఉంటే కళ్లు మూసుకోవచ్చా? 2011లో డిజినోటార్ అనే సర్టిఫికెట్ అథారిటీ హ్యాక్ అయితే బ్రౌజర్లన్నీ దాన్ని తీసేశాయి. సేంద్రియ పత్తిలో కూడా 2020లో అట్లాంటిదే బయటపడింది. మన దేశంలో దొంగ పత్రాలతో దాదాపు 20,000 టన్నుల పత్తిని సేంద్రియంగా చూపించారని గాట్స్ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ప్రకటించింది. సర్టిఫికెట్ వల్ల మోసం జరిగే అవకాశం తగ్గుతుంది, సున్నా అవదు.

6. మరి లోకల్ వల్ల లాభమేంటి?

లారీ పొగ తగ్గుతుంది కాబట్టి భూమికి మంచిది అని చాలామంది అంటారు. అందులో నిజం కొంచెమే. 2018లో సైన్స్ పత్రికలో 119 దేశాల్లోని 38 వేలకు పైగా పొలాల లెక్కలతో ఒక అధ్యయనం వచ్చింది. చాలా ఆహారాల్లో రవాణా వాటా చిన్నదని, పొలంలో జరిగేదే పెద్దదని అది చూపించింది. నీళ్లు నిలబెట్టిన వరి మడి నుంచి మీథేన్ వస్తుంది, ఆ మడి ఇంటి పక్కనే ఉన్నా వస్తుంది. అర కిలో లోకల్ వంకాయ కోసం బైక్ మీద పది కిలోమీటర్లు తిరిగితే మిగిలేది ఇంకా తక్కువ.

లోకల్ వల్ల నిజమైన లాభాలు వేరే. ఆకుకూర పొద్దున తెంపి సాయంత్రం వండితే తాజాగా ఉంటుంది. మధ్యలో చేతులు తగ్గితే రైతుకు నాలుగు రూపాయలు ఎక్కువ మిగులుతాయి. అన్నిటికంటే ముఖ్యం, అడగడానికి ఎదురుగా మనిషి ఉంటాడు.

కొన్ని లోకల్ తిండ్లకు అడగాల్సిన పని కూడా తక్కువ. ఆదిలాబాద్ అడవిలో ఇప్పచెట్టుకు ఎవరూ మందు కొట్టరు. ఆ పువ్వుతో ఉట్నూరులో ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డూలు ఇప్పుడు చాలామందికి తెలుసు. తుమ్మికూర, పొన్నగంటి కూర గట్ల మీద వాటంతట అవే మొలుస్తాయి, కలుపుమందు కొట్టని గట్టు అయితే చాలు. జగిత్యాల మామిడికి సేంద్రియమా కాదా అన్నదానికంటే ఎట్లా మగ్గబెట్టారు అన్నది ముందు అడగాలి. కార్బైడ్ నిషేధం, గడ్డిలో వేసినా, ఇథిలీన్ గదిలో పెట్టినా పర్వాలేదు.

7. ఒక లెక్క

ఇప్పుడు డబ్బుల దగ్గరికి వద్దాం. నలుగురున్న ఇంట్లో నెలకు 30 కిలోల బియ్యం, 4 కిలోల పప్పు అనుకుందాం. సేంద్రియానికి కిలోకు 20 రూపాయలు ఎక్కువ అనుకుందాం. ఇవి లెక్క కోసం పెట్టిన అంకెలు, మీ దుకాణం ధర వేసుకుని మళ్లీ చేయండి.

బియ్యానికి ఏడాదికి 360 కిలోలు, అంటే 7,200 రూపాయలు ఎక్కువ. పప్పుకు 48 కిలోలు, అంటే 960 రూపాయలు ఎక్కువ. మా ఇంట్లో అమ్మ అన్నీ ఆర్గానిక్‌వే కావాలంటది, బాపు ఏదీ వద్దంటడు. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి చూపిస్తే ఇద్దరూ కాసేపు చప్పుడు చెయ్యలేదు. 'అన్నీ', 'ఏదీ' మధ్యలో చాలా చోటుంది మరి.

నేను చెప్పే క్రమం ఇది:

మొదట, ఒంటి కోసం. రోజు విడిచి రోజు తెంపేవి, తొక్కతో తినేవి: బెండ, వంకాయ, పచ్చిమిర్చి, ఆకుకూరలు, కరివేపాకు. మొదటి రూపాయి ఇక్కడ పెట్టాలి. కుదిరితే పెరట్లో, డాబా మీద ఒక కరివేపాకు చెట్టు, రెండు కుండీల పుంటికూర. అంతకంటే లోకల్ లేదు, ధర కూడా లేదు.

రెండోది, పండించేవాళ్ల కోసం. పప్పు, జొన్నలు, పల్లీలు. మన ఒంటికి తేడా చిన్నది. కానీ ఇవి ఏడాదికి ఒకసారి కొని నిల్వ చేసుకోవచ్చు, కాబట్టి ఒక రైతు గుంపుకు ముందే మాట ఇవ్వొచ్చు.

మూడోది, డబ్బు మిగిలితే. తెల్ల బియ్యం, తొక్క తీసి తినే అరటి లాంటివి.

రెండో మెట్టు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. దుకాణంలో పూర్తి సేంద్రియ ప్యాకెట్ కొంటే, ఆల్రెడీ మారిన రైతుకు సాయం. అది మంచిదే. మా చిన్నబాపు లాంటి వాళ్లు ఇరుక్కునేది మాత్రం ఆ మొదటి రెండేళ్లలో. అప్పుడు వాళ్ల పంటకు పేరు ఉండదు, ధర ఉండదు. పీజీఎస్ గ్రీన్ దశలో ఉన్న గుంపు దగ్గర పది ఇళ్లు కలిసి "రెండేళ్లు మీ కందులు మేమే కొంటాం, కిలోకు ఇంత ఎక్కువ ఇస్తాం" అంటే ఆ గుంత మీద ఒక పలక వేసినట్టే. పది ఇళ్లకు 480 కిలోలు. మన హాస్టల్ మెస్‌కు ఎన్ని కిలోల పప్పు పడుతుందో మెస్ కమిటీ వాళ్లను అడగండి, ఆ అంకె ఇంకా పెద్దగా ఉంటుంది. కౌలు సమస్య దీనితో తీరదు, అది చట్టం తీర్చాల్సింది. మన చేతిలో ఉన్నది కొనుగోలు మాట.

8. మార్కెట్లో ఏం అడగాలి?

"మందు కొట్టిండ్రా?" అని అడగకండి. అందరూ "లేదు" అనే అంటారు, అట్లా అడిగితే ఎవరికైనా దొంగను అడిగినట్టు అనిపిస్తుంది. దానికి బదులు ఈ మూడు అడగండి:

"అవ్వా, ఇది మీ చేనుదేనా? ఏ ఊరు?"

"ఎప్పుడు తెంపిండ్రు?"

"పోయినసారి పురుగు పడితే ఏం కొట్టిండ్రు, ఎన్ని రోజులైంది?"

చేను వాళ్లదే అయితే మూడో ప్రశ్నకు జవాబు మందు పేరుతో సహా వస్తుంది. కొన్నిసార్లు పెద్ద కథే వస్తుంది. "మొన్న బుధవారం కొట్టినం బిడ్డా" అని ఒక అవ్వ ఉన్నదున్నట్టు చెప్తే, ఆమె దగ్గర ఆ రోజు బెండకాయ వదిలేసి సొరకాయ కొనండి. వచ్చే వారం మళ్లీ ఆమె దగ్గరికే పోండి. నిజం చెప్పినందుకు బేరం పోగొట్టుకోకూడదు కదా.